రెఫర్ చేయడమే మహాభాగ్యం

గుండె ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్లకు గుండె ఆపరేషన్ నేర్పకపోవడం మన దేశం చేసుకున్న పుణ్యం! ఉలిక్కిపడకండి. కాస్త ఓపిక పట్టి చదివితే మీరే నా మాట ఒప్పుకుంటారు.

వంట నేర్చుకునేవాడికి గరిటె ఇస్తే ఏమవుతుంది? కూర మాడుతుంది. డ్రైవింగ్ నేర్చుకునేవాడికి స్టీరింగ్ ఇస్తే? ఎవరిదో ప్రహరీ గోడ కూలుతుంది. మరి గుండె పని నేర్చుకునేవాడి చేతికి కత్తి ఇస్తే? అందుకే ఇవ్వరు! ఆరేళ్ల కోర్సులో వాళ్ల చేతికి కత్తి తప్ప మిగిలినవన్నీ ఇస్తారు. ఈత రానివాళ్లను నీళ్లలోకి దింపకూడదు, నీళ్లలోకి దిగనివాళ్లకు ఈత రాదు. ఇంత చక్కని ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

నమ్మకం కుదరకపోతే డాక్టర్ సౌమ్య సంగతి వినండి.

సౌమ్యది నిడమనూరు. తండ్రి మత్తయ్య సర్కారు బడిలో లెక్కల సారు, తల్లి సుందరమ్మ అంగన్‌వాడీ టీచరు. ఎంబీబీఎస్ అయిపోయి, హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో గుండె, ఛాతీ సర్జరీ కోర్సులో సీటు వచ్చిన రోజే మత్తయ్య ఊరంతా తిరిగి తన కూతురు గుండెల డాక్టరైపోయిందని చెప్పాడు. అప్పటినుంచి ఆమె సెలవు మీద ఇంటికి వస్తే చాలు, చర్చిలో ప్రార్థన ముగియగానే సగం సంఘం ఛాతీ పట్టుకుని ఆమె చుట్టూ మూగుతుంది. ఆమె అందరి నాడీ చూస్తుంది, గ్యాస్ మాత్రలు రాస్తుంది. రెండున్నరేళ్లలో తాను ఒక్క గుండెకు ఒక్క కుట్టు కూడా వేయలేదని మాత్రం తండ్రికి చెప్పలేదు. చెబితే ఆయనకు నిజంగానే ఛాతీ నొప్పి వస్తుందని భయం.

మరి రెండున్నరేళ్లుగా ఏం నేర్చుకుంది అంటారా? చాలా నేర్చుకుంది!

గుండె ఆపరేషన్ బల్ల దగ్గర పేషెంటుకు కుడిపక్కన సర్జన్ నిలబడతాడు. ఎడమపక్కన నేర్చుకునేవాళ్లు నిలబడతారు. ఈ రూలు ఎవరు రాశారో తెలియదు కానీ, రాసిన రూళ్లకంటే గట్టిది. సౌమ్య రెండున్నరేళ్లు ఎడమపక్కనే నిలబడింది. సార్‌కు లోపలంతా బాగా కనిపించేలా రిట్రాక్టర్ అనే ఇనుప కొక్కేన్ని పట్టుకుని లాగి ఉంచడం ఆమె పని. ఆరు గంటల ఆపరేషన్‌లో విభాగానికి హెడ్డైన పెద్ద సార్ ఆమెతో మూడే మాటలు మాట్లాడతాడు: లాగు, వదులు, కదలకు. ఈ మూడింటిలో మూడోది ఆమెకు అద్భుతంగా వచ్చింది. ముక్కు మీద దురద పుట్టినా, కాళ్లు మొద్దుబారినా కదలదు. అంత కదలకుండా ఉండగలిగే మనిషి మన రాష్ట్రంలో మరొకరు దొరకరని పెద్ద సారే ఒకసారి మెచ్చుకున్నాడు.

బల్ల దగ్గర లేనప్పుడు ఖాళీగా ఉంటుందా? ఉండదు! ఇన్సూరెన్స్ వాళ్లకు పేషెంట్ల ఫొటోలు అప్‌లోడ్ చేస్తుంది. సర్వర్ డౌన్ అయితే అది కోలుకునేదాకా దాని పక్కనే కూర్చుంటుంది. పెద్ద సార్ సెమినార్లకు స్లైడ్లు తయారుచేస్తుంది. ఆయన టీలో చక్కెర పడకుండా చూస్తుంది, ఆయనే వచ్చి వేసుకుంటే చూడనట్టు ఉంటుంది. ల్యాబ్‌కు రక్తం తీసుకెళ్లే మనిషి రాకపోతే తానే తీసుకెళ్తుంది. ఇవన్నీ రాకుండా ఎవరైనా గుండె డాక్టరు కాగలరా?

నోరు తెరిచి అడగలేదా అంటే, అడిగింది. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు అడిగింది. ప్రతిసారీ పెద్ద సార్ నవ్వుతూ ఒకే జవాబు ఇచ్చాడు: నెక్స్ట్ కేసు నీదే. కిరాణా కొట్టు గోడ మీద 'అరువు రేపు' అని బోర్డు ఉంటుంది చూశారా? ఆ రేపు ఏ రోజు వస్తుందో ఈ నెక్స్ట్ కేసు కూడా ఆ రోజే వస్తుంది.

బుద్ధిమంతులైతే ఇంతటితో సర్దుకుంటారు. కానీ ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సౌమ్య హాస్టల్ పక్క మటన్ షాపులో ఆదివారం ఆదివారం ఒక గొర్రె గుండె కొని, గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. కోసేది, కుట్టేది, లోపల నీళ్లు పోసి ఎక్కడైనా కారుతుందేమో చూసేది, కారితే విప్పి మళ్లీ కుట్టేది. షాపు శ్రీను ఆమెకు గుండెకాయ కూరంటే ప్రాణమనుకుని, మంచివి ఏరి పక్కన పెట్టేవాడు. అల్లం ఎంత వేయాలో, ఎన్ని విజిల్స్ రావాలో కూడా చెప్పేవాడు. ఆమె శ్రద్ధగా తలూపేది. ఆమెకు చేతిపని నేర్చుకునే అవకాశం ఇచ్చిన ఒకే ఒక్క మనిషి అతనే. అదీ తెలియక ఇచ్చాడు.

ఇలా చాటుమాటుగా పాడైపోతున్న పిల్లను చివరికి సర్కారే దారిలో పెట్టింది. ట్రైనింగులో ఉన్న డాక్టర్లు మూడు నెలలపాటు జిల్లా దవాఖానల్లో పనిచేయాలని ఒక రూలుంది. చెవి డాక్టరైనా, చర్మం డాక్టరైనా, గుండె డాక్టరైనా సరే. గుండె ఆపరేషన్ బాగా నేర్చుకోవాలంటే గుండె ఆపరేషన్ అనే మాటే లేని చోట మూడు నెలలు ఉండాలి! ఈ ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, వారి పాదాలకు నమస్కారం.

సౌమ్యకు వేసిన దవాఖాన ఏ ఊళ్లో ఉందో నేను చెప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటి నడుమ ఎక్కడో ఉందనుకోండి. చెబితే సూర్యాపేట వాళ్లు అది మాది కాదని ఊపిరి పీల్చుకుంటారు. కోదాడ వాళ్లు మాది అంతకంటే నయమంటారు. మిర్యాలగూడ వాళ్లకు రైస్ మిల్లుల హోరులో నా మాట వినపడదు. ఎవరికీ లాభం లేదు.

అక్కడ సర్జన్ పోస్టు ఉంది, సర్జన్ లేడు. స్కానింగ్ గది ఉంది, మిషన్ మీద కప్పిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కాన్పు ఆపరేషన్లు మాత్రం రోజూ జరుగుతాయి, అవి బాగా జరుగుతాయి. సూపరింటెండెంట్ జనార్దన్ ఎముకల డాక్టరు. నెమ్మదైన మనిషి. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలలనూ నిండు పాలగిన్నెలా రెండు చేతుల్లో పట్టుకుని, ఎక్కడా తొణక్కుండా నడుస్తున్నాడు.

మొదటి రోజే ఆయన సౌమ్యను గదిలో కూర్చోబెట్టి, టీ తాగించి, ఒక ప్యాడ్ చేతికిచ్చాడు. రెఫరల్ స్లిప్పుల ప్యాడ్. పైన పేరు, వయసు, దెబ్బ వివరం రాయడానికి గీతలు. కింద అచ్చేసిన ఒకే ఒక్క వాక్యం: మెరుగైన వైద్యం కోసం పై ఆస్పత్రికి పంపడమైనది. దాని కింద సంతకం పెట్టే చోటు. అంతే! వైద్యశాస్త్రమంతా ఇంత పొట్టిగా అచ్చు వేయవచ్చని సౌమ్యకు అంతవరకు తెలియదు.

“సూడు బిడ్డా,” అన్నాడు జనార్దన్, “రాసి పంపిచ్చినోని మీద ఇప్పటిదాక ఒక్క కంప్లైంట్ రాలే. చేసినోని మీద వచ్చినయ్. సదువుకున్న పిల్లవు, నీకు ఇంతకంటె ఏం చెప్పాలె?”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా!

రెఫర్ చేయడం వల్ల ఒనగూరే లాభాలు ఎవరైనా లెక్క వేశారా? నేను వేశాను. మండలం నుంచి ఏరియాకు, ఏరియా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాద్‌కు. పుట్టి బుద్ధెరిగి పెన్‌పహాడ్ దాటని మనిషి ఒక్క పూటలో ఇన్ని ఊళ్లు చూస్తాడు. అదీ పడుకుని! ఇంట్లో మాటల్లేని అన్నదమ్ములు ఒకే అంబులెన్సులో మూడున్నర గంటలు మోకాళ్లు తగిలించుకుని కూర్చుంటారు, కలిసిపోతారు. హైవే మీద ఇడ్లీ బండ్లు, కొబ్బరిబోండాల కొట్లు బతుకుతాయి. అంబులెన్స్ డ్రైవర్‌కు హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రికి ఏ గేటు నుంచి పోవాలో తెలుస్తుంది, దారిలో పేషెంటు ముఖం చూసి ఎంతసేపుంటాడో కూడా చెప్పగలుగుతాడు. అతనికి సీటు కూడా అక్కర్లేదు, సగం డాక్టరయ్యాడు. అన్నిటికీ మించి, మన దవాఖానలో మరణాలు సున్నా! చావులన్నీ దారిలోనే. దారికి సూపరింటెండెంట్ లేడు కదా, ఎవరిని అడుగుతారు?

సౌమ్య ఐదు వారాల్లో రెండు ప్యాడ్లు పూర్తిచేసింది. అందమైన దస్తూరీ. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఊపిరాడని ఒక ముసలాయనకు మాత్రం ఆగలేక పక్కటెముకల మధ్య గొట్టం వేసింది. అంతకే జనార్దన్ రెండు రోజులు భోజనం సరిగా చేయలేదు.

ఆరో వారంలో ఒక మంగళవారం, పొద్దున పదిన్నరకు మంగయ్యను తెచ్చారు.

మంగయ్యది పాలకీడు. గొర్లు, రెండు ఆవులు, ఒక కోడె ఉన్నాయి. ఆ కోడెకు ముక్కుతాడు వేయబోతే అది కుమ్మింది. కొమ్ము రొమ్ముకు నడుమ కాస్త ఎడమగా దిగింది. గాయం రూపాయి బిళ్లంత. పెద్దగా రక్తం కూడా పోలేదు. భార్య రేణుకమ్మ తువ్వాలు అదిమిపెట్టి ట్రాలీ ఆటోలో పట్టుకొచ్చింది. ఇంతేకదా, రెండు కుట్లు వేస్తే సరిపోతుందని కట్లు కట్టే అతను అప్పటికే దూది తీశాడు.

సౌమ్య మంగయ్య మెడ చూసింది. నరాలు వేలంత లావుగా ఉబ్బి ఉన్నాయి. నాడి అందీ అందనట్టుంది. స్టెతస్కోప్ పెడితే గుండె చప్పుడు గోడ అవతలినుంచి వచ్చినట్టు వినపడింది. సంగతి ఆమెకు అర్థమైంది. కొమ్ము గుండెకే తగిలింది. రక్తం బయటికి రావడం లేదు, గుండె చుట్టూ ఉండే సంచిలో నిండుతోంది. ఆ సంచి సాగదు. లోపల గుండెకు కొట్టుకునే చోటు తగ్గిపోతోంది. ఇక అరగంట, లేదా అంతకన్నా తక్కువ.

హైదరాబాద్ మూడున్నర గంటలు.

జనార్దన్ అప్పటికే స్లిప్పు మీద పేరు, వయసు రాసేశాడు. సౌమ్య సంతకం ఒక్కటే బాకీ. ఆమె పెన్ను తీసుకుంది. రేణుకమ్మ ఏడవలేదు, అరవలేదు. సౌమ్య చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

“హైద్రాబాద్ దాక ఉంటడా బిడ్డా? ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఉండడు,” అంది సౌమ్య.

రెండున్నరేళ్లలో పైవాళ్లను అడగకుండా ఆమె ఇచ్చిన మొదటి జవాబు అది. ఇచ్చాక ఇక పెన్ను పట్టుకోవడం కుదరలేదు. జనార్దన్ ఆమెను పక్కకు పిలిచి, పదిహేను పెద్ద వాక్యాలు మెల్లగా చెప్పాడు. ఆమె అన్నీ విని, మీ దగ్గర ఎముకలు కోసే ఉలి, సుత్తె ఉన్నాయా సార్ అని అడిగింది. ఆయన స్టోరు గది వైపు చూశాడు. ఉన్నాయి మరి.

మత్తు డాక్టరు కోదాడ మనిషి. ఆ రోజు రెండు సిజేరియన్లకని వచ్చి, మొదటిది ముగించి ఇడ్లీ తింటున్నాడు. విషయం విని చేయి కడుక్కుని లేచాడు.

“మత్తు నేనిస్తానమ్మా,” అన్నాడు. “లోపలికెళ్లాక నువ్వు ఆగిపోతే మాత్రం నేనేం చెయ్యలేను.”

ఇక్కడ మన శిక్షణ గొప్పతనం చూడండి. పేషెంట్ పడుకున్నాడు. ఛాతీకి మందు పూశారు. సౌమ్య చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, గబగబా వెళ్లి బల్లకు ఎడమపక్కన నిలబడింది! రెండు చేతులూ ముందుకు చాచి, కొక్కెం ఎవరైనా చేతికిస్తారని ఎదురుచూసింది. కుడిపక్కన ఎవరూ లేరు. ఆమె ఆ ఖాళీ వైపే చూస్తూ, లాగమంటారో వదలమంటారో అని కదలకుండా నిలబడింది. క్రిస్టియన్ పిల్ల కాబట్టి ప్రార్థన చేసుకుంటోందనుకుని అందరూ తలలు వంచారు. బీపీ డెబ్బై నుంచి అరవైకి పడింది.

తేరుకున్నది స్టాఫ్ నర్సు చంద్రకళ. ఇరవై రెండేళ్లుగా ఎంతోమంది డాక్టర్లకు కత్తులందించిన మనిషి.

“మేడం, గాడ నేను నిలబడాలె,” అంది. “మీరు ఇటు రావాలె.”

సౌమ్య బల్ల చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చింది. ఆ నాలుగడుగులు వేయడానికి రెండున్నరేళ్లు పట్టింది.

ఉలీ సుత్తే జనార్దన్ పట్టుకున్నాడు. ఎముక విషయం వస్తే ఆయనకు భయం లేదు, భయమంతా కాయితం విషయంలోనే. రొమ్ము ఎముకను నిలువునా రెండుగా చీల్చాడు. కాన్పులకు వాడే కొక్కేలతో చంద్రకళ ఒకవైపు, ఆయన ఒకవైపు లాగి పట్టుకున్నారు. సౌమ్య సంచి కోయగానే నల్లటి రక్తం గడ్డలు గడ్డలుగా బయటికి వచ్చింది. ఊపిరాడని గుండె ఒక్కసారిగా విప్పుకుంది. ముందు గోడ మీద అర అంగుళం చీలిక. ప్రతి దెబ్బకూ అందులోంచి రక్తం ఎగజిమ్ముతోంది. సౌమ్య దాని మీద వేలు పెట్టింది. రక్తం ఆగింది.

ఆమె వేలి కింద ఒక మనిషి గుండె కొట్టుకుంటోంది. సౌమ్యకు ఏడుపు వచ్చింది. భయంతో కాదు, సంతోషంతో వచ్చింది.

హెర్నియాలకు వాడే నీలం దారంతో నాలుగు కుట్లు వేసింది. గొర్రె గుండె కదలదు, ఇది కదులుతుంది. కదిలే లయను పట్టుకుని, రెండు దెబ్బల మధ్య సూది దించడమే తేడా. నాలుగో ముడి వేసి వేలు తీసింది. ఎక్కడా కారలేదు. బీపీ నూట పదికి వచ్చిందని మత్తు డాక్టరు రెండుసార్లు చెప్పాడు. విరిగిన ఎముకలకు చుట్టే తీగతో జనార్దన్ రొమ్మును బిగించి కట్టాడు. ఆ సాయంత్రమే మంగయ్యను హైదరాబాద్ పంపారు. పద్దెనిమిదో రోజు అతను నడుచుకుంటూ పాలకీడు చేరాడు.

చూశారా, ఎంత ఘోరం జరిగిపోయిందో! మూడు నెలలు బుద్ధిగా స్లిప్పులు రాసుకోమని పంపిన పిల్ల ఏకంగా ఒక మనిషిని బతికించి కూర్చుంది. వ్యవస్థ అన్నాక ఊరుకుంటుందా?

ఐదో రోజు మెమో వచ్చింది. పైనుంచి వచ్చిన కాయితాన్ని కింద సంతకం పెట్టి సౌమ్యకు ఇవ్వాల్సింది జనార్దనే. ఆమె ముఖం చూడకుండా ఇచ్చాడు. అందులో పదకొండు ప్రశ్నలున్నాయి. రెఫరల్ స్లిప్పు ఎందుకు ఇవ్వలేదు? ట్రైనీకి ఛాతీ తెరిచే అధికారం ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చింది? కాన్పుల విభాగానికి చెందిన కొక్కేలను మగ పేషెంటుకు వాడటానికి ఎవరి అనుమతి తీసుకున్నారు? హెర్నియాల కోసం మంజూరైన దారాన్ని గుండెకు మళ్లించడం నిబంధనలకు విరుద్ధం కాదా? ఉలి తిరిగి స్టోరుకు చేరిందా? పదకొండోది అన్నిటికన్నా ముద్దొచ్చే ప్రశ్న: పేషెంటు చనిపోయి ఉంటే బాధ్యులెవరు? బతికాడు కదా, దానికి బాధ్యులెవరు అని మాత్రం అడగలేదు. అలాంటి గడి ఆ ఫారంలో ఉండదు.

హైదరాబాద్ నుంచి పెద్ద సార్ ఫోన్ చేశాడు. ఎవరినడిగి చేశావు అన్నాడు. ట్రైనింగ్ ఆరు నెలలు పొడిగించాల్సి రావచ్చు, అసలు సీటే ఉంటుందో లేదో అన్నాడు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఫోన్ చేసి, ఆపరేషన్ ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి. చంద్రకళ తీసింది. ఆ నెలాఖరుకు ఒక కాన్ఫరెన్సులో ఆయన ఆ ఫొటోలు చూపించి, గ్రామీణ ప్రాంతాల్లో మా విభాగం సేవలు అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు. స్లైడ్లు సౌమ్యే చేసింది. తన పేరు పెట్టాలో వద్దో తెలియక, పెట్టలేదు. ఆయన గమనించలేదు.

ఆ వారంలోనే మత్తయ్య బస్సెక్కి వచ్చాడు. కూతురు ఒక మనిషి గుండె కుట్టిందని ఎవరో చెప్పారు, మెమో వచ్చిందని కూడా వాళ్లే చెప్పారు. పాపం, ఏ వార్తకు ఏ ముఖం పెట్టాలో తెలియని పరిస్థితి. కాసేపు ఆమె చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని చూశాడు. తరువాత, ఇంకా మూడున్నరేళ్లుంది, సీటు పోతే ఊళ్లో తలెత్తుకోలేం, సారు వాళ్లు ఎట్ల చెబితే అట్ల రాసియ్యి బిడ్డా అని బతిమాలాడు. బడి పిల్లలకు భయపడొద్దని ముప్పై ఏళ్లు చెప్పిన మనిషి.

సౌమ్య రాసిచ్చింది. నాలుగు పేజీల సంజాయిషీ. చివరి వాక్యం: ఇకముందు ఇటువంటి పొరపాటు జరగదని హామీ ఇస్తున్నాను.

అదీ శిక్షణంటే! రెండున్నరేళ్ల కొక్కేలు చేయలేని పని ఒక్క మెమో చేసింది. తరువాతి నెలలో ఆమె గొట్టం కూడా వేయలేదు. ప్యాడ్ ఎప్పుడూ చేతి కిందే ఉండేది. జనార్దన్‌కు మళ్లీ ఆకలి వేయసాగింది.

మూడు నెలలకు ఇంకా రెండు వారాలుందనగా, ఒక శుక్రవారం పొద్దున లింగ్యాను తెచ్చారు.

లింగ్యా పెన్‌పహాడ్ దగ్గరి తండా మనిషి, సెంట్రింగ్ పనివాడు. స్లాబు మీదినుంచి జారి, నిలువుగా ఉన్న ఇనుప చువ్వ మీద పడ్డాడు. చువ్వ ఛాతీలో దిగింది, పక్కవాళ్లు అతన్ని పైకి లేపగానే బయటికి వచ్చేసింది. స్పృహలోనే ఉన్నాడు, నీళ్లు అడుగుతున్నాడు. భార్య సుక్కి అతని తల ఒళ్లో పెట్టుకుని వచ్చింది. వాళ్లకు సూర్యాపేట దగ్గర. అయినా ఆటోను ఇటు తిప్పించింది. దారి అరగంట ఎక్కువ.

సౌమ్య మెడ చూసింది. నరాలు ఉబ్బి ఉన్నాయి. నాడి అందీ అందనట్టుంది. ఇక స్టెతస్కోప్ పెట్టాల్సిన పని లేదు. పెట్టింది. అదే చప్పుడు, గోడ అవతలినుంచి.

చంద్రకళ ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆపరేషన్ గది తలుపు తెరిచి నిలబడింది. మత్తు డాక్టరు లోపలే ఉన్నాడు. ఉలి స్టోరులో ఉంది. జనార్దన్ గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

“పాలకీడు మంగయ్యకు నువ్వే జేసినవంట గద మేడం,” అంది సుక్కి. “అందుకే గీడికి తెచ్చిన. మా ఆయనకు గూడ జెయ్యి.”

సౌమ్య ప్యాడ్ దగ్గరికి లాక్కుంది. పేరు రాసింది, వయసు ముప్పై నాలుగు అని రాసింది, దెబ్బ వివరం రాసింది. మిగిలిన వాక్యం అచ్చులోనే ఉంది. సంతకం పెట్టింది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్లు, మిషన్లు ఉన్నాయని, అక్కడైతే బాగా చూస్తారని సుక్కికి చెప్పింది. చెబుతున్నంతసేపూ కదల్లేదు. కదలకుండా నిలబడటం ఆమెకు ఎప్పుడో వచ్చు.

అంబులెన్స్ పోయాక చంద్రకళ తలుపు మూసింది.

లింగ్యా నకిరేకల్ దాటకముందే పోయాడు.

ఇప్పుడు మన వ్యవస్థ నిబ్బరం చూడండి. సౌమ్య మెమో కోసం ఎదురుచూసింది. ఐదో రోజు రాలేదు, ఆరో రోజూ రాలేదు. పదకొండు ప్రశ్నలు కాదు కదా, ఒక్కటి కూడా రాలేదు. కొక్కేలు కొక్కేల చోట ఉన్నాయి, దారం చుట్ట విప్పలేదు, కాయితం సక్రమంగా ఉంది. ఇంక అడగడానికి ఏముంది? పై అధికారులకు పంపే రిపోర్టులో జనార్దన్ ఆమె ప్రవర్తన సంతృప్తికరమని, నిర్ణయాలు సమయానికి తీసుకుంటుందని రాశాడు. పెద్ద సార్ ఫోన్ చేసి, పొడిగింపు మాట వదిలేయమన్నాడు. తిరిగి వచ్చేయ్, నెక్స్ట్ కేసు నీదే అన్నాడు.

ప్రశ్న అడిగింది సుక్కి ఒక్కతే. పదో రోజున వచ్చింది. బీమా డబ్బులకు, మొదట ఇక్కడ చూపించినట్టు డాక్టరు రాసిచ్చిన కాయితం కావాలట. సౌమ్య రాసి, ముద్ర వేసి ఇచ్చింది. సుక్కి కాయితం తీసుకుని, వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

“నీకు చెయ్య రాదా మేడం, లేకుంటె చెయ్యనియ్యరా?”

గదిలో జనార్దన్ ఉన్నాడు, చంద్రకళ ఉంది. సౌమ్య ఎవరి వైపూ చూడలేదు.

“నాకు వచ్చు,” అంది.

సుక్కి కాయితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, బస్టాండు వైపు నడిచింది.